అమ్మ నడుము కింద పుండు పడింది, ‘ఈ వయసులో మామూలే’ అంటున్నారు

సాగరిక_మురళీనగర్
అమ్మకు 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక మళ్లీ లేచి నడవలేదు. షుగర్ కూడా ఉంది. నేను బ్యాంకులో పని చేస్తాను, మా ఆయన ఉద్యోగం కాకినాడలో, తమ్ముడు బెంగళూరులో. ఇంట్లో పెట్టుకున్న ఆయమ్మలు నెల తిరక్కుండా మానేస్తుంటే చివరికి ఇక్కడే విశాఖలో, ఆనందపురం వైపు ఒక వృద్ధుల హోమ్‌లో చేర్చాము. నెలకు 28,000. డైపర్లు, మందులు, డాక్టరు ఫీజు విడిగా.
ఆదివారం వెళ్లి నైటీ మార్చబోతే నడుము కింద ఐదు రూపాయల బిళ్లంత పుండు కనిపించింది. దాని మీద పౌడరు చల్లి ఉంది. ఎవరూ ఫోను చేసి చెప్పలేదు. మేనేజరును అడిగితే “మంచం పట్టిన వాళ్లకు ఈ వయసులో మామూలే అమ్మా, పైగా షుగర్” అన్నారు. ఆయన టీ తాగుతూనే ఆ మాట అన్నారు, అది ఇంకా కోపంగా ఉంది.
ఇది నిజంగా మామూలేనా? మీ ఇళ్లలో పెద్దవాళ్లను ఇలాంటి చోట ఉంచిన వారు చెప్పండి. హోమ్ పేరు ఇక్కడ రాయను, దయచేసి అడగవద్దు.

ఎర్రమట్టి_దిబ్బలు
చర్మం పైపైన లేచిందా, లోపలికి గుంత పడిందా? వాసన ఉందా?

సాగరిక_మురళీనగర్
గుంత లేదు. పై పొర ఊడి లోపల ఎర్రగా ఉంది. వాసన లేదు. చుట్టూ చర్మం కూడా ఎర్రబడింది.

డ్యూటీ_సిస్టర్
నేను నర్సును, ఎక్కువ కాలం ఐసీయూలో చేశాను. సూటిగా చెబుతాను.
పడక పుండు వయసు వల్ల రాదు. ఒకే చోట బరువు పడి, ఆ చర్మానికి రక్తం అందక వస్తుంది. కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలని మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. నడుము కింద, తుంటి పక్కలు, మడమలు, ఈ మూడు చోట్లా రోజూ కళ్లతో చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపు రావాలి. నొక్కినా తెల్లబడకపోతే అదే మొదటి దశ. మీ అమ్మగారిది అది దాటింది. అంటే ఎర్రబడినప్పుడు ఎవరూ చూడలేదు, లేదా చూసి పౌడరు చల్లి ఊరుకున్నారు.
పౌడరు వద్దు. స్పిరిట్‌తో రుద్దడం వద్దు, ఎర్రబడిన చోట మాలిష్ అసలే వద్దు. మధ్యలో రంధ్రం ఉన్న రబ్బరు రింగు కొనుక్కువస్తారు చాలామంది, అది కూడా వద్దు, చుట్టూ ఒత్తిడి పెరిగి రక్తం ఇంకా ఆగుతుంది. గాలి మారుస్తూ ఉండే ఎయిర్ బెడ్ కొనండి. తడిసిన డైపరు గంటల తరబడి ఉంచకూడదు. తిండిలో గుడ్డు, పప్పు, పాలు పెంచాలి, షుగర్ అదుపులో ఉండాలి, లేకపోతే మానదు. నల్లబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ హోమ్ డాక్టరు కోసం ఎదురు చూడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.
ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. చివరి దశలో ఉన్న వారికి ఎంత బాగా చూసినా కొన్నిసార్లు పడతాయి. మీ అమ్మగారు తింటున్నారు, మాట్లాడుతున్నారు అంటే ఆ లెక్కలోకి రారు.

వాల్తేరు_వాసు
ఇన్ని మాటలు ఎందుకు? కన్నతల్లిని డబ్బు కట్టి పరాయి వాళ్ల చేతిలో పెట్టాక పుండు పడిందని ఆశ్చర్యపోవడం ఏమిటి? మా నాయనమ్మ 91 ఏళ్లు ఇంట్లోనే ఉంది. ఒక్క గీత పడలేదు.

కొమ్మాది_కోడలు
వాసు గారూ, మీ నాయనమ్మను తిప్పింది, తుడిచింది, కడిగింది ఎవరు? మీరా, మీ అమ్మగారా? ముందు ఆ సంగతి చెప్పండి.
మా అత్తగారు పక్షవాతంతో మంచాన ఉన్నంత కాలం ఇంట్లోనే ఉన్నారు. చూసింది నేను. అయినా మడమకు పుండు పడింది, ఎందుకంటే మడమలు చూడాలని నాకు ఎవరూ చెప్పలేదు. నా నడుము ఇప్పటికీ సరిగ్గా వంగదు. ఆమె పోయాక చుట్టాలందరూ “కొడుకు ఎంత బాగా చూసుకున్నాడో” అన్నారు. కొడుకు సాయంత్రం వచ్చి పక్కన కూర్చుని టీవీ చూసేవాడు.

వాల్తేరు_వాసు
మా అమ్మే చూసింది. కాదనలేదు కదా.

ఎర్రమట్టి_దిబ్బలు
అమ్మను పిలవండి, చర్చ ఆవిడతోనే చేద్దాం.

రిటైర్డ్_ఫోర్‌మన్
మీరందరూ లోపల పెట్టిన వాళ్లు. నేను లోపల ఉన్నవాణ్ణి. స్టీల్ ప్లాంటులో రిటైరై, భార్య పోయాక పెందుర్తి దగ్గర ఒక హోమ్‌లో నా అంతట నేనే చేరాను. పిల్లలు వద్దన్నారు, నేనే వినలేదు. కాబట్టి వాసు గారి ఉపదేశం నాకు వర్తించదు.
మీకు తెలియనిది ఒకటి చెబుతాను. ఆదివారం ఉదయం మా హోమ్ వేరే హోమ్. ఫినాయిల్ వాసన ఘుమఘుమలాడుతుంది, దుప్పట్లు ఉతికినవి, ఆయమ్మలు తల దువ్వుకుని ఉంటారు, ఉప్మాలో జీడిపప్పు పడుతుంది. సోమవారం జీడిపప్పు ఉద్యోగం మానేస్తుంది. మీరు రావాల్సింది బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు. లేదా మధ్యాహ్నం పన్నెండున్నరకు, అన్నం పెట్టే వేళకు. నా పక్క గదిలో ఒక పెద్దాయన ఉన్నారు, చేతులు వణుకుతాయి, మెల్లగా నములుతారు. కంచం పెట్టి వెళ్లిపోతారు, కాసేపటికి వచ్చి “తినలేదా తాతా” అని తీసుకుపోతారు. ఇన్సులిన్ మాత్రం వేళకు పొడుస్తారు. తినకుండా ఇన్సులిన్ పడితే ఏమవుతుందో సిస్టర్ గారు చెప్పాలి. ఇప్పుడు నేనే కూర్చుని తినిపిస్తున్నాను, కబుర్లు చెబుతూ. ఆయనది షిప్‌యార్డు, నాది స్టీల్ ప్లాంటు, వాదన ఎప్పటికీ తెగదు.

డ్యూటీ_సిస్టర్
తినకుండా ఇన్సులిన్ పడితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు. పెద్దవాళ్లలో కొందరికి ఇవేవీ కనిపించకుండా నిద్రలోకి జారిపోతారు, చూసేవారు “పడుకున్నారు” అనుకుంటారు. ప్రాణం మీదకు వస్తుంది. ఫోర్‌మన్ గారూ, ముందు ఎంత తిన్నారో చూసి, తర్వాత ఇన్సులిన్ సంగతి డాక్టరును అడిగి మార్చమని రాతపూర్వకంగా ఇవ్వండి. ఊరికే నోటితో చెప్పవద్దు.

డల్లాస్_దూరం
మా నాన్న మధురవాడ వైపు ఒక చోట ఉన్నారు. శనివారం వీడియో కాల్. ప్రతిసారీ గడ్డం గీసి, బొట్టు పెట్టి, కొత్త చొక్కా వేసి కూర్చోబెడతారు. చాలా కాలం సంతోషించాను. ఒకరోజు కాల్‌లో ఆయన చొక్కా కింద లుంగీ కూడా లేదని తెలిసింది, డైపరు మీద దుప్పటి కప్పారు. అప్పటి నుంచి సమయం ముందుగా చెప్పడం లేదు. వారంలో ఏ రోజైనా, ఏ వేళైనా చేస్తాను. మొదట చిరాకుపడ్డారు, ఇప్పుడు అలవాటు పడ్డారు. గదిలో కెమెరా పెట్టించమని కూడా అడుగుతున్నాను. ఎవరైనా పెట్టించారా?

రిటైర్డ్_ఫోర్‌మన్
వరండాలో, వంటింట్లో, గుమ్మం దగ్గర పెట్టించండి. గదిలో వద్దు. మంచం మీదే ఒళ్లు తుడిపించుకునే మనిషిని డల్లాస్‌లో కూర్చుని ఫోనులో చూస్తారా? మీ నాన్నగారిని అడిగారా?

డల్లాస్_దూరం
ఆయనకు మతిమరుపు. అడిగినా ఏమి చెప్పగలరు?

రిటైర్డ్_ఫోర్‌మన్
మతి ఉన్నప్పుడు ఒప్పుకునేవారా, అది ఆలోచించండి.

కొమ్మాది_కోడలు
నేను ఫోర్‌మన్ బాబాయి గారితో ఏకీభవించను. మాట చెప్పుకోలేని వాళ్లకు కెమెరానే నోరు. ఒళ్లు తుడిచేటప్పుడు మంచం చుట్టూ తెర లాగితే సరిపోతుంది.

నిర్వాహకుడు_ఒకడు
ఇంతసేపు ఊరుకుని చదివాను. నేను గోపాలపట్నం వైపు చిన్న హోమ్ నడుపుతాను. తిట్టేవారు తిట్టండి, కానీ రెండో వైపు కూడా వినండి.
ఆయమ్మలు దొరకరు. దొరికిన వాళ్లకు పని నేర్పగానే హెల్త్ సిటీ ఆసుపత్రుల్లో నాలుగు వేలు ఎక్కువ ఇస్తామంటే వెళ్లిపోతారు. మలమూత్రాలు ఎత్తే పనికి మనిషిని నిలబెట్టడం ఎంత కష్టమో ఇంట్లో ఆయమ్మను పెట్టుకున్న సాగరిక గారికి తెలుసు. అద్దె, గ్యాసు, కరెంటు, రాత్రి డ్యూటీ, నర్సు జీతం పోను మిగిలేది మీరు అనుకున్నంత కాదు. ఇక కుటుంబాల సంగతి. చేర్చేటప్పుడు నలుగురు వస్తారు, మూడో నెల నుంచి ఫోను ఎత్తరు. మా దగ్గర ఒకావిడ పోయినప్పుడు కొడుకు ఫోను రాత్రంతా స్విచాఫ్. దహనానికి మేమే ఏర్పాట్లు చేశాము. తర్వాత వచ్చి అడ్వాన్సు ఎంత మిగిలిందని అడిగాడు.
అయినా సాగరిక గారి విషయంలో తప్పు ఆ హోమ్‌దే. పుండు పడితే అదే రోజు ఇంటికి చెప్పాలి. చెప్పలేదంటే దాచారన్నమాట.

సాగరిక_మురళీనగర్
మీరు మంచం పట్టిన వారికి రాత్రి ఎంతమందికి ఒక ఆయమ్మను పెడతారు? నిజం చెప్పండి.

నిర్వాహకుడు_ఒకడు
నా దగ్గర ఆరుగురికి ఒకరు. నలుగురికి ఒకరు ఉంటే మంచిది, నెలకు 28 వేలలో అది కుదరదు. ఒక్కరే పదిమందికి పైగా చూస్తుంటే తిప్పడం జరగదు, ఎవరు ఏమి చెప్పినా. చేర్చే ముందు ఇదొక్కటే అడగండి. గోడ మీద పటాలు, తోటలో ఊయల చూసి మురిసిపోకండి.

ఎర్రమట్టి_దిబ్బలు
తోటలో ఊయల మీద ఎప్పుడూ ఓనరు మనవడే ఊగుతుంటాడు.

తాటిచెట్లపాలెం_తమ్ముడు
మా నాన్న విషయం రాస్తాను, ఎవరికైనా పనికి రావచ్చు. మతిమరుపు జబ్బు. సాయంత్రం చీకటి పడుతుంటే అలజడి మొదలై “ఇంటికి పోదాం” అని గుమ్మం దగ్గర నిలబడేవారు. హోమ్‌లో చేర్చిన కొన్నాళ్లకు చాలా నెమ్మదించారు. మేము సంతోషించాము. తర్వాత చూస్తే నెమ్మది కాదు, నిద్ర. మధ్యాహ్నం వెళ్లినా నిద్ర, సాయంత్రం వెళ్లినా నిద్ర, నోరు తెరిచి చొంగ కారుతూ. మందుల డబ్బా చూపించమంటే విసుక్కున్నారు. చీటీతో పోల్చి చూస్తే అందులో లేని ఒక నిద్రమాత్ర. “రాత్రి అరుస్తున్నారు సార్, మిగతా వాళ్లకు ఇబ్బంది” అన్నారు. ఏ డాక్టరు రాశారంటే జవాబు లేదు.
న్యూరాలజీ డాక్టరు ఆ మాత్ర మెల్లగా తగ్గించి ఆపారు. అప్పుడు తెలిసింది ఇంకొకటి. అంత అలజడికి కారణం మూత్రంలో ఇన్ఫెక్షన్. దానికి వైద్యం చేశాక సగం గొడవ తగ్గింది. నిద్రమాత్రతో అసలు జబ్బును కప్పిపెట్టారు.

డ్యూటీ_సిస్టర్
ఇది బంగారు పలక మీద రాసి పెట్టవలసిన మాట. పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, మనుషులను పోల్చుకోలేకపోవడం మొదలైతే మతిమరుపు ముదిరిందని తేల్చేయకండి. మూత్ర ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, ఒంట్లో నీరు తగ్గడం, షుగర్ పడిపోవడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఇవన్నీ చూడాలి. మన ఊరిలో ఏప్రిల్, మే ఉక్కపోతకు ఒళ్లంతా చెమటే. దాహం వేసినా అడగలేని మనిషికి నీళ్లు ఎవరిస్తారు? రాత్రి మూత్రానికి లేపాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు ఇవ్వడం మానేసే హోమ్‌లు ఉన్నాయి, నేను చూశాను.

వాల్తేరు_వాసు
ఇవన్నీ చదివాక నా మొదటి మాటే నిజమనిపిస్తోంది. అయినా ఒక చట్టం ఉంది కదా, తల్లిదండ్రుల పోషణ చట్టం. దాని కింద ఆ హోమ్ మీద కేసు వేయండి.

పిటిషన్_ప్రసాద్
వాసు గారూ, ఆ చట్టం మీరు అనుకునే పని చేయదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 ప్రధానంగా పిల్లల మీద, ఆస్తి వచ్చే బంధువుల మీద. పోషించకపోతే ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. చట్టంలో ఉన్న గరిష్ఠ భరణం నెలకు 10,000. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని ఉంది. చూసుకుంటారనే షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించడం కూడా అందులోనే, 23వ సెక్షన్. పెద్దవారిని ఎక్కడైనా వదిలేసి పోతే 24వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ.
డబ్బు తీసుకుని సేవ సరిగా చేయని హోమ్ మీద అసలు దారి వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. ముందు 1915కు ఫోను చేసి నమోదు చేయవచ్చు. పెద్దవారి విషయంలో సలహాకు, తక్షణ సాయానికి 14567 ఎల్డర్‌లైన్ ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. జిల్లాలో వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయానికి కూడా ఒక కాపీ ఇవ్వండి.
సాగరిక గారూ, వీటన్నిటికీ ముందు పుండు ఫోటోలు తేదీతో తీసి పెట్టుకోండి. రసీదులు, చేర్చినప్పుడు సంతకం పెట్టిన కాగితం, వాట్సాప్ మాటలు ఏవీ చెరపకండి.

కొమ్మాది_కోడలు
24వ సెక్షన్ విని వాసు గారు ఇవాళ నాయనమ్మ కాళ్లు పట్టడానికి వెళ్లి ఉంటారు.

వాల్తేరు_వాసు
నాయనమ్మ పోయి మూడేళ్లయింది. ఇప్పుడు అమ్మకు మోకాళ్లు. నేనే వంట నేర్చుకుంటున్నాను, నవ్వండి.

కొమ్మాది_కోడలు
నవ్వను. మోకాళ్లకు స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ బిగించండి ముందు. సాయంత్రానికి పని అయిపోతుంది.

సాగరిక_మురళీనగర్
అందరికీ జవాబులు ఇవ్వలేకపోయాను. జరిగింది రాస్తున్నాను.
అమ్మను ప్లాస్టిక్ సర్జరీ డాక్టరుకు చూపించాము. ఎముక వరకు పోలేదు, డ్రెస్సింగుతో, తిప్పడంతో మానుతుందన్నారు. ఎయిర్ బెడ్ కొన్నాను. హోమ్ వాళ్లు గోడకు ఒక పట్టిక అంటించారు, రెండు గంటలకొక గడి, తిప్పిన వారి సంతకం. చూడముచ్చటగా ఉంది. ఫోర్‌మన్ గారి మాట పట్టుకుని మొన్న రాత్రి చెప్పకుండా వెళ్లాను. వాచ్‌మన్ ఫోను చేయబోతే ఆగకుండా లోపలికి వెళ్లిపోయాను. అప్పుడు పది కూడా కాలేదు. పట్టికలో తెల్లవారుజామున ఆరు గంటల గడి వరకు సంతకాలు పెట్టేసి ఉన్నాయి.
ఎయిర్ బెడ్ మోటారు ప్లగ్ తీసి ఉంది. ఆ ప్లగ్‌లో ఎవరిదో ఫోను చార్జింగులో ఉంది.

ఎర్రమట్టి_దిబ్బలు
ఇక జోకులు రావడం లేదు.

డ్యూటీ_సిస్టర్
ఆ పట్టిక ఫోటో తీశారా? సమయం కనిపించేలా?

సాగరిక_మురళీనగర్
తీశాను. గోడ గడియారం కూడా పడేలా. అమ్మ మేలుకునే ఉంది. “ఎందుకే ఇంత రాత్రి వచ్చావు, తిన్నావా” అంది.

నిర్వాహకుడు_ఒకడు
ఈ వ్యాపారంలో ఉండి సిగ్గుపడుతున్నాను. అమ్మా, పట్టికలు నమ్మవద్దు. నా హోమ్‌లో కూడా నమ్మవద్దు. వెళ్లినప్పుడల్లా వీపు, మడమలు చూడండి, డైపరు బరువు చూడండి, పెదవులు ఎండాయా చూడండి. చూడనివ్వకపోతే ఆ రోజే తీసుకువెళ్లిపోండి. ఎయిర్ బెడ్ వాడే చోట ఇన్వర్టరు ఉందా అని కూడా అడగండి. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊరంతా రోజుల తరబడి కరెంటు లేదు, మంచాన ఉన్న వాళ్లను చేతులతో తిప్పుకుంటూ గడిపాము.

రిటైర్డ్_ఫోర్‌మన్
గోపాలపట్నం, సింహాచలం వైపు చూసేవారు ఇంకొకటి అడగండి. చందనోత్సవం నాడు ట్రాఫిక్ మళ్లిస్తారు. ఆ రోజు ఎవరికైనా గుండెనొప్పి వస్తే అంబులెన్సు ఏ దారిలో వెళ్తుందో చెప్పగలిగిన మేనేజరు ఉంటే ఆ హోమ్‌లో చేర్చండి. మా మేనేజరును అడిగాను. “స్వామి చూసుకుంటాడు” అన్నాడు.

సాగరిక_మురళీనగర్
నెలాఖరుకు మార్చేస్తున్నాము. తమ్ముడు కొంతకాలం ఇంటి నుంచి పని పెట్టించుకుని వస్తున్నాడు, పుండు మానే వరకు మా ఇంట్లోనే. పగలు ఒక నర్సింగ్ అమ్మాయి కుదిరింది. తర్వాత సంగతి తర్వాత. అడ్వాన్సు 50,000 తిరిగి ఇవ్వము, రెండు నెలల ముందు చెప్పాలని కాగితంలో ఉంది అంటున్నారు. ప్రసాద్ గారూ, ఏమి చేయాలి?

పిటిషన్_ప్రసాద్
కాగితంలో ఉన్నంత మాత్రాన అన్నీ చెల్లవు. ఏకపక్షంగా ఉన్న షరతులను ప్రశ్నించడానికి 2019 వినియోగదారుల చట్టంలో వీలు ఉంది. అయితే అన్యాయమైన ఒప్పందం మీద నేరుగా జిల్లా కమిషన్‌కు కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీరు దాన్ని సేవాలోపంగా జిల్లాలోనే వేయడం మేలు. ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, పుండు ఫోటోలు, పట్టిక ఫోటో జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో. నా అనుభవంలో ఆ పట్టిక ఫోటో చూశాక అడ్వాన్సు చాలావరకు తిరిగి వస్తుంది.

తాటిచెట్లపాలెం_తమ్ముడు
మందుల చీటీ అసలు కాపీలు, డిశ్చార్జి కాగితాలు, ఆధార్ వాళ్ల దగ్గరే ఉంటే డబ్బు గొడవ మొదలుపెట్టే ముందే తెచ్చుకోండి. మాకు అక్కడే ఇబ్బంది అయింది.

డల్లాస్_దూరం
సంబంధం లేని ప్రశ్న. నాన్నకు పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇవ్వాలి, బ్యాంకుకు తీసుకువెళ్లే పరిస్థితి లేదు. హోమ్ వాళ్లు రెండు వేలు అడుగుతున్నారు.

రిటైర్డ్_ఫోర్‌మన్
ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇప్పుడు ఫోనులోనే ముఖం చూపించి చేయవచ్చు, జీవన్ ప్రమాణ్. మీ చుట్టాలెవరినైనా ఆయన ఆధార్, పెన్షన్ వివరాలతో ఒకసారి పంపండి. వెలుతురు ఉన్న చోట కూర్చోబెట్టి, రెప్ప వేయమంటే సరిపోతుంది. 80 దాటిన వారికి అక్టోబరు ఒకటి నుంచే తీసుకుంటారు.

డల్లాస్_దూరం
ఆయనకు 83. మా పిన్ని కొడుకును పంపిస్తాను. ఏ రోజు వస్తాడో హోమ్‌కు చెప్పను.